ఇష్టమైన యాపిల్‌ను కనుక్కోవడం ఎలా? పండ్లను వాటి కాలంలో తినడం ఎలా?

పండ్లు కొనేటప్పుడు దాదాపు అందరం అడిగే ప్రశ్న ఒక్కటే: “తియ్యగా ఉంటాయా?” అమ్మేవాళ్లు ఉంటాయనే అంటారు. యాపిల్ విషయంలో అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. ఇది ఏ రకం? చెట్టు నుంచి కోసి ఎన్నాళ్లయింది? ఈ రెండింటికీ జవాబు రాబట్టుకోవడం అలవాటైతే, పండు తినడంలోని ఆనందమే మారిపోతుంది. “యాపిల్ నాకు పెద్దగా నచ్చదు” అనేవాళ్లలో చాలామంది, నెలల తరబడి నిల్వ ఉండి పిండిపిండిగా మారిన కాయను తిని ఆ మాట అంటుంటారు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు యాపిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఆ తర్వాత ఇదే పద్ధతిని మిగతా పండ్లకు ఎలా వాడుకోవాలో చూద్దాం.

మొదటి పని: రకం పేరు తెలుసుకోండి

యాపిల్ గింజ నాటితే తల్లి చెట్టు కాయలాంటి కాయ రాదు. ఒకే కాయలోని అయిదు గింజలు నాటితే అయిదు వేర్వేరు రకాల చెట్లు లేస్తాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, పుల్లనివి, వగరువి కాస్తాయి. ఎప్పుడో ఒకసారి ఒక గొప్ప కాయ పుడుతుంది. దాన్ని నిలుపుకోవడానికి అంటు కట్టడమే దారి. ఈ రోజు మీ చేతిలో ఉన్న ఆకుపచ్చని గ్రానీ స్మిత్, ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే ఆవిడ తోటలో 1868 ప్రాంతంలో వెలుగులోకి వచ్చిన ఒకే ఒక్క మొక్క సంతతి. అప్పటి నుంచి కొమ్మ తర్వాత కొమ్మగా అంటు కడుతూ దాన్ని ప్రపంచమంతా పాకించారు.

యాపిల్ పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతాలు. నేటి కజకిస్తాన్‌లోని అల్మాటీ నగరం చుట్టుపక్కల కొండల్లో అడవి యాపిల్ చెట్లు పెరుగుతాయి. రష్యన్ వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో అక్కడికి వెళ్లి, యాపిల్ జన్మస్థానం ఇదేనని గుర్తించాడు. ఒక్కో చెట్టు కాయ ఒక్కో రంగు, ఒక్కో రుచి. ఆ వైవిధ్యం నుంచే వేల రకాలు పుట్టాయి. అన్నింటినీ “యాపిల్” అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే మీకు నచ్చేది ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేరు.

పేరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. విడిగా అమ్మే కాయల మీద అంటించిన చిన్న స్టిక్కర్ చూడండి. చాలాసార్లు పేరే ఉంటుంది. లేకపోతే నాలుగంకెల సంఖ్య ఉంటుంది. పెద్ద సైజు కాయల్లో గ్రానీ స్మిత్‌కు 4017, రెడ్ డెలీషియస్‌కు 4016, ఫుజీకి 4131, హనీక్రిస్ప్‌కు 3283. ఆ సంఖ్యకు ముందు 9 చేరి అయిదంకెలైతే అది సేంద్రియ పద్ధతిలో పండించినదని అర్థం. స్టిక్కర్ లేకపోతే పెట్టె మీద చూడండి, రకంతో పాటు ఏ దేశం నుంచి వచ్చిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ రెండో సమాచారం కూడా మనకు కావాలి. ఎందుకో మూడో పనిలో చెబుతాను.

తేలిగ్గా దొరికే కొన్ని రకాల స్వభావం ఇదీ. గాలా న్యూజిలాండ్‌లో పుట్టింది. పలుచని తొక్క, సున్నితమైన తీపి, పులుపు తక్కువ. పిల్లలకు మొదట పరిచయం చేయడానికి మంచిది. కోతకు ముందుగా వస్తుంది, ముందుగానే మెత్తబడుతుంది కూడా. ఫుజీ జపాన్‌లో తయారైన సంకర రకం, 1962లో విడుదలైంది. గట్టిగా, రసంతో, బాగా తియ్యగా ఉంటుంది, చాలాకాలం నిలుస్తుంది. గోల్డెన్ డెలీషియస్ పసుపు రంగుది. బాగా పండినప్పుడు తేనె వాసన వేస్తుంది గానీ తొక్క త్వరగా ముడుతలు పడుతుంది. హనీక్రిస్ప్‌ను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1991లో విడుదల చేసింది. దాని కండలోని కణాలు మామూలు యాపిల్ కణాల కంటే పెద్దవి. పంటి కింద అవి పగిలి రసం ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది. పింక్ లేడీ పేరుతో అమ్మే క్రిప్స్ పింక్ రకానికి జాన్ క్రిప్స్ అనే ఉద్యాన శాస్త్రవేత్త 1973లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సంకరం చేశాడు. తీపి, పులుపు రెండూ గట్టిగానే ఉంటాయి. నా ఓటు దానికే. పులుపు లేని యాపిల్ నాలుగు ముక్కలకే మొహం మొత్తుతుంది, పులుపున్నది కాయ పూర్తయ్యేదాకా తినిపిస్తుంది.

రెడ్ డెలీషియస్ గురించి ఒక మాట. చూడటానికి అంత అందమైన యాపిల్ మరొకటి లేదు. తోటల్లో తరాల తరబడి మరింత ఎర్రగా, మరింత సమంగా రంగు తేలే కొమ్మలనే ఏరి అంటు కడుతూ వచ్చారు. రంగు పెరిగింది, తొక్క మందమైంది, రుచి వెనకబడింది. తాజాగా కోసినప్పుడు ఇప్పటికీ బాగుంటుంది. నిల్వ ఉన్నది మాత్రం రంగు చూసి కొనకండి.

రెండో పని: పక్కపక్కన పెట్టి రుచి చూడండి

ఈ రోజు ఒక రకం, వచ్చే వారం మరో రకం తింటే తేడా గుర్తుండదు. మూడు నాలుగు రకాలు ఒక్కొక్కటి చొప్పున తెచ్చి ఒకే పూట కోయండి. ఇదంతటికీ అరగంట చాలు, ఇంట్లో అందరూ కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది.

ఫ్రిజ్‌లో ఉన్న కాయలను గంట ముందు బయట పెట్టండి. చల్లగా ఉన్న పండు కరకరలాడుతుంది గానీ వాసన దాదాపు మూసుకుపోతుంది. యాపిల్ రుచి అని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా వాసనదే. అలాగని మరీ వెచ్చగానూ వద్దు, చేతికి చల్లదనం కాస్త మిగిలి ఉండగా కోయండి.

తక్కువ పులుపున్నదానితో మొదలుపెట్టి ఎక్కువ పులుపున్నదానితో ముగించండి. గాలా, ఫుజీ, పింక్ లేడీ, చివరకు గ్రానీ స్మిత్. గ్రానీ స్మిత్ ముందు తింటే ఆ తర్వాత గాలా చక్కెర నీళ్లలా అనిపిస్తుంది, దానికి అన్యాయం జరుగుతుంది. ఒక్కో రకానికీ మధ్య ఒక గుక్క మంచినీళ్లు తాగండి.

తొక్క తీయవద్దు. సువాసన ఎక్కువగా తయారయ్యేది తొక్కలోనూ దాని కిందనూ. తొక్క తీసిన ముక్కతో ఆ రకాన్ని తూకం వేయలేరు.

ముక్క నోట్లో పెట్టుకున్నాక మూడు విషయాలు గమనించండి. మొదటిది కొరికిన శబ్దం. గట్టిగా పగిలిందా, మెల్లగా నలిగిందా? రెండోది రసం. నమిలే కొద్దీ ఊరుతోందా, నోరు ఆరిపోతోందా? మూడోది మింగిన తర్వాత. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదలండి, అప్పుడు ఆ రకం అసలు వాసన తెలుస్తుంది. ఒకదానిలో పువ్వు వాసన, ఒకదానిలో తేనె, ఒకదానిలో పచ్చి గడ్డి. కొన్నిట్లో ఏమీ ఉండదు. ఏమీ లేదంటే ఆ రకమే అంతని అనుకోకండి, అది పాత కాయ కావచ్చు.

తీపి అనేది చక్కెర ఒక్కదాని వల్లే తెలిసేది కాదు. సమానంగా చక్కెర ఉన్న రెండు యాపిల్స్‌లో ఆమ్లం తక్కువగా ఉన్నదే మనకు ఎక్కువ తియ్యగా అనిపిస్తుంది. యాపిల్‌లో పులుపునిచ్చేది మాలిక్ ఆమ్లం. నిల్వలో ఉన్నంతకాలం కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఆ క్రమంలో ఆమ్లాన్ని ఖర్చు చేసుకుంటుంది. అందుకే ఎక్కువ కాలం నిల్వ ఉన్న గాలా తీపిగానే ఉన్నా చప్పబడినట్టు తోస్తుంది. పులుపు నిండుగా ఉండే గ్రానీ స్మిత్, పింక్ లేడీ మాత్రం కొంత పోగొట్టుకున్నా ఇంకా రుచిగానే మిగులుతాయి. కోత కాలం దాటిపోయిన నెలల్లో ఏ రకం కొనాలో దీన్నిబట్టి మీరే తేల్చుకోవచ్చు.

ఒకే కాయలో కూడా తేడా చూడండి. బుగ్గ ఎర్రగా ఉన్న వైపు చెట్టు మీద ఎండ తగిలింది. రంగు తక్కువగా ఉన్న వైపు ఆకుల నీడలో ఉంది. రెండు వైపుల నుంచీ ఒక్కో ముక్క కోసి తింటే ఎండ వైపుది సాధారణంగా ఎక్కువ తియ్యగా ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష చేసి చూపిస్తే పిల్లలు ఇక ప్రతి యాపిల్‌నూ తిప్పి తిప్పి చూస్తారు.

నచ్చిన రకం పేరు, నెల, దేశం ఫోన్‌లోనో డైరీలోనో ఒక వరుసలో రాసిపెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి మీ నాలుకకు సరిపడే పట్టిక తయారవుతుంది. ఇంకొకరి పట్టిక మీకు పనికిరాదు.

మూడో పని: కోత కాలం లెక్క వేయండి

భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో యాపిల్ కోత ప్రధానంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఆలస్యపు రకాలు నవంబరు దాకా సాగుతుంది. దక్షిణాన ఉన్న న్యూజిలాండ్, చిలీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా. అంటే ఏడాదిలో రెండుసార్లు కొత్త కాపు మార్కెట్‌లోకి వస్తుంది. జూన్‌లో మీరు కొంటున్న కాయ ఉత్తరాది దేశానిదైతే దానికి దాదాపు ఎనిమిది నెలల వయసు. దక్షిణాది దేశానిదైతే నాలుగు నెలలకు మించదు. పెట్టె మీద దేశం పేరు చదవమన్నది ఇందుకే.

నిల్వ చేసిన యాపిల్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. సున్నా డిగ్రీలకు దగ్గరగా చల్లబరిచి, గాలిలో ఆక్సిజన్‌ను 1-3 శాతానికి తగ్గించిన గదుల్లో పెడితే కాయ ఊపిరి వేగం తగ్గి నెలల తరబడి గట్టిగా ఉంటుంది. ఫుజీ, పింక్ లేడీ లాంటి ఆలస్యపు రకాలు దానికి బాగా తట్టుకుంటాయి. ముందుగా కోతకొచ్చే రకాలకు అంత ఓపిక ఉండదు. కాబట్టి నియమం తేలికే. కోత మొదలైన వారాల్లో తొలికాపు రకాలను కడుపునిండా తినండి, అవి మళ్లీ ఏడాదికి గానీ ఆ రుచితో రావు. ఆలస్యపు రకాలను ఆ తర్వాతి నెలలకు ఉంచుకోండి.

కొత్త కాపు ఫుజీలో ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది. అడ్డంగా కోస్తే మధ్యలో గింజల గదులు నక్షత్రంలా కనిపిస్తాయి కదా, వాటి చుట్టూ కొన్ని కాయల్లో కండ పారదర్శకంగా, తడిసిన కాగితంలాగా కనబడుతుంది. చాలామంది పాడైపోయిందని పారేస్తారు. అది కుళ్లు కాదు. చెట్టు మీద బాగా పండిన కాయలో సార్బిటాల్ అనే చక్కెర పదార్థంతో కూడిన ద్రవం కణాల మధ్య ఖాళీల్లో నిండితే అలా అవుతుంది. జపాన్‌లో అలాంటి కాయలను ఏరి మరీ కొంటారు. ఆ భాగం తిని చూడండి. అలాంటివి నిల్వకు మాత్రం ఆగవు, లోపల గోధుమరంగు తిరుగుతాయి, కాబట్టి వెంటనే తినేయాలి.

నాలుగో పని: చేత్తో పట్టుకుని ఎంచుకోండి

ఎరుపును నమ్మవద్దు. ఎరుపు రకాన్ని బట్టి, ఎండను బట్టి వస్తుంది. మీరు చూడాల్సింది ఎరుపు కింద ఉన్న అసలు రంగును. తొడిమ గుంట దగ్గర, ఎరుపు పలుచగా ఉన్నచోట కనిపిస్తుంది. అది ముదురాకుపచ్చగా ఉంటే పండకముందే కోసిన కాయ. లేత పసుపు లేదా మీగడ రంగులోకి తిరుగుతుంటే సరిగ్గా పండినది. ముదురు పసుపై, జిడ్డుగా తగిలితే మాగిపోయింది. గ్రానీ స్మిత్ లాంటి పచ్చని రకాలకు ఈ లెక్క కొంచెం వేరు. వాటిలో పసుపు ఛాయ వస్తే పులుపు తగ్గిందని గుర్తు, అలాగే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు.

వేళ్ల కొసలతో నొక్కకండి. మీరు నొక్కి వదిలేసిన చోట కండ కమిలి, మరొకరి ఇంటికి వెళ్లాక నల్లబడుతుంది. అరచేతిలోకి తీసుకుని మొత్తం చేత్తో పట్టి చూడండి. గట్టిగా, సైజుకు మించిన బరువుగా ఉండాలి. వేలితో మెల్లగా తడితే గట్టి కాయ స్పష్టమైన శబ్దం చేస్తుంది, మెత్తబడిన కాయ మొద్దుగా పలుకుతుంది. తొడిమ ఉన్న కాయనే తీసుకోండి. తొడిమ ఊడిన గుంటలోంచి బూజు తేలిగ్గా లోపలికి పోతుంది.

పిండిపిండిగా మారడం వెనక ఉన్న సంగతి తెలిస్తే ఈ పరీక్షలకు అర్థం తెలుస్తుంది. యాపిల్ కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్. కాయ పాతబడే కొద్దీ అది కరుగుతుంది. తాజా కాయను కొరికితే కణాలు పగిలి రసం బయటికి వస్తుంది. పాత కాయను కొరికితే కణాలు పగలకుండానే విడివిడిగా జారిపోతాయి. రసం ఆ కణాల లోపలే ఉండిపోతుంది. అందుకే నోటికి పొడిగా తగులుతుంది. నీరు లేక కాదు, ఉన్న నీరు మనకు అందక. అలాంటి కాయను పారేయనక్కర్లేదు. ఉడికిస్తే ఆ కణాలు పగులుతాయి, గుజ్జు బ్రహ్మాండంగా వస్తుంది.

చెట్టు నుంచి మీరే కోసుకునే అవకాశం ఉంటే కాయను లాగవద్దు. అరచేతిలోకి తీసుకుని పైకి ఎత్తుతూ కొద్దిగా తిప్పండి. పండినదైతే తొడిమతో సహా చేతిలోకి వస్తుంది. రాకపోతే దానికింకా సమయం ఉంది, వదిలేసి పక్క కాయ చూడండి.

అయిదో పని: ఇంటికి తెచ్చాక చెడగొట్టకండి

బల్ల మీద గిన్నెలో పేర్చిన యాపిల్స్ చూడముచ్చటగా ఉంటాయి. కానీ గది వేడిలో యాపిల్ ఫ్రిజ్‌లో కంటే ఎన్నో రెట్లు వేగంగా మెత్తబడుతుంది. రెండు రోజుల్లో తినేవి గిన్నెలో పెట్టి మిగతావి వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చండి. చిల్లులున్న కవర్‌లో వేసి కూరగాయల అరలో, సున్నా నుంచి నాలుగు డిగ్రీల మధ్య ఉంచితే వారాలు నిలుస్తాయి. కవర్ లేకుండా పెడితే తేమ పోయి ముడుతలు పడతాయి.

కడగడం తినే ముందే. కాయ మీద పుట్టుకతో వచ్చే సన్నని మైనపు పొర ఉంటుంది, తేమను లోపలే పట్టి ఉంచేది అదే. ముందే కడిగి తడిగా దాస్తే ఆ పొర దెబ్బతింటుంది, బూజుకు తావిచ్చినట్టవుతుంది.

యాపిల్ ఎథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువు పక్కనున్న పండ్లను మాగిస్తుంది, ఆకుకూరలను పసుపుపచ్చగా మారుస్తుంది, క్యారెట్‌ను చేదు చేస్తుంది. యాపిల్స్‌కు వేరే అర కేటాయించండి. వారానికోసారి అన్నిటినీ తిప్పి చూసి, మచ్చపడినదాన్ని ముందు తీసి తినేయండి. బూజు పట్టినదాన్ని మాత్రం కోసి మిగతాది తినే ప్రయత్నం వద్దు. యాపిల్ మీద పెరిగే ఒక రకం బూజు పాట్యులిన్ అనే విషపదార్థాన్ని వదులుతుంది, అది కనిపించే మచ్చ దాటి లోపలికి కూడా పాకుతుంది. ఆ కాయ మొత్తం పారేయాల్సిందే. దెబ్బ తగిలి కమిలిన గోధుమరంగు మచ్చ వేరు, దాన్ని చెక్కేసి తినవచ్చు.

ఆరో పని: ఏ పండు మాగుతుంది, ఏది మాగదు?

ఇక్కడి నుంచి మిగతా పండ్లు. ఏ పండు కొంటున్నా ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే: కోశాక ఇది ఇంకా పండుతుందా?

అరటి, మామిడి, బొప్పాయి, సీతాఫలం, పియర్, పీచ్, ప్లమ్, అవకాడో కోశాక కూడా మాగుతాయి. వీటిని దోరగా కొని ఇంట్లో మాగబెట్టుకోవచ్చు. త్వరగా కావాలంటే కాగితపు సంచిలో ఒక పండిన అరటిపండుతోనో యాపిల్‌తోనో కలిపి మూతి మడిచి పెట్టండి. ఎథిలీన్ ఆ సంచిలో పోగై పని చేస్తుంది. ప్లాస్టిక్ కవర్‌లో బిగించకండి, చెమ్మ పట్టి కుళ్లుతాయి. మాగకముందు పియర్ తప్ప మిగతావాటిని ఫ్రిజ్‌లో పెట్టవద్దు. చలికి మాగే ప్రక్రియ దెబ్బతింటుంది, తర్వాత బయట పెట్టినా పూర్తి రుచి రాదు. మాగిన తర్వాత రెండు మూడు రోజులు ఆపడానికి మాత్రం ఫ్రిజ్ పనికొస్తుంది.

ద్రాక్ష, నారింజ, బత్తాయి, దానిమ్మ, స్ట్రాబెర్రీ, చెర్రీ, లిచీ, అనాస కోసిన తర్వాత తీపెక్కవు. రంగు మారవచ్చు, మెత్తబడవచ్చు, తీపి మాత్రం కోసిన రోజు ఎంత ఉందో అంతే. పుల్లటి ద్రాక్ష కొని నాలుగు రోజులు దాస్తే వాడిపోయిన పుల్లటి ద్రాక్ష మిగులుతుంది. వీటిని పండినవే చూసి కొనాలి, కొన్నాక చల్లగా ఉంచాలి, ఆలస్యం చేయకుండా తినాలి.

ఏడో పని: ఒక్కో పండుకు ఒక్కో గుర్తు

మామిడికి తొడిమ దగ్గర వాసనే సాక్ష్యం. తొడిమ చుట్టూ భుజాలు నిండుగా పైకి ఉబ్బి ఉంటే కాయ చెట్టు మీద ముదిరిందని అర్థం. భుజాలు జారిన కాయను లేతగా కోసి ఉంటారు, దానికి రంగు వచ్చినా రుచి రాదు.

సీతాఫలం కళ్ల మధ్య గీతలు విచ్చుకుని లోపలి మీగడ రంగు కనిపించాలి. అప్పుడు కొని, ఇంట్లో మాగాక ఆ రోజే తినాలి. ఈ పండు ఎవరి కోసమూ ఆగదు.

పియర్ లోపలి నుంచి బయటికి మాగుతుంది. బయట మెత్తబడేదాకా ఆగితే మధ్యలో అప్పటికే పాడైపోతుంది. తొడిమ పక్కన మెడ భాగాన్ని బొటనవేలితో సున్నితంగా తాకండి, అక్కడ కాస్త లొంగితే అదే సమయం. చాలామంది పియర్‌ను గట్టిగా ఉండగానే కొరికి, ఇదేం పండని పక్కన పెడతారు. రెండు రోజులు ఓపిక పడితే అదే కాయ వెన్నలా కరుగుతుంది.

ద్రాక్ష గుత్తి కాడ పచ్చగా ఉండాలి. కాడ ఎండి గోధుమరంగైతే, ఊపితే పండ్లు రాలితే పాతది. పండ్ల మీద తెల్లటి పొడిలాంటి పొర మందు అవశేషమేమో అని భయపడతారు. సమంగా పలుచగా పరుచుకుని ఉంటే అది సహజమైన మైనం. అది చెదరకుండా ఉందంటే ఎక్కువ చేతులు మారలేదన్నమాట. ఎలాగూ తినేముందు కడుగుతాం.

పుచ్చకాయకు నేల మీద ఆనుకున్న మచ్చ చూడండి. తెల్లగా ఉంటే తొందరపడి కోశారు, వెన్న పసుపు రంగులో ఉంటే పండింది. దానిమ్మ పండే కొద్దీ గుండ్రదనం పోయి పలకలు తేలుతుంది, లోపలి గింజలు ఉబ్బి తొక్కను నెట్టడం వల్ల. నారింజ జాతి పండ్లకు రంగు కంటే బరువు ముఖ్యం. రాత్రులు చల్లబడని ప్రాంతాల్లో పండినవి లోపల తియ్యగా ఉన్నా తొక్క పచ్చగానే ఉండొచ్చు. అనాసకు అడుగు భాగం వాసన చూడండి. తీపి కూడా అడుగునే ఎక్కువ, కాబట్టి ముక్కలు నిలువుగా కోస్తే అందరికీ సమానంగా వస్తుంది.

ఎనిమిదో పని: తినేటప్పుడు

పారే నీటి కింద చేత్తో రుద్ది కడిగి, పొడి గుడ్డతో తుడవండి. సబ్బు అక్కర్లేదు.

యాపిల్ కోయగానే తినడం మేలు. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కు గాలి తగలడం వల్ల ముక్క గోధుమరంగు తిరుగుతుంది. డబ్బాలో పెట్టి పంపాలంటే కప్పు నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పది నిమిషాలు ముక్కలు నానబెట్టి, మామూలు నీళ్లతో ఒకసారి కడిగి ఆరనివ్వండి. ఉప్పు రుచి తెలియదు. నిమ్మరసం కలిపిన నీళ్లు కూడా పనిచేస్తాయి, పులుపు కొద్దిగా అంటుకుంటుంది. గింజలు నమలవద్దు. వాటిలో అమిగ్డలిన్ ఉంటుంది, నలిగితే సయనైడ్ వెలువడుతుంది. పొరపాటున ఒకటి రెండు మింగినంత మాత్రాన కంగారు పడాల్సిన పని లేదు.

పండును భోజనం చివర, కడుపు నిండాక తినే పదార్థంగా మాత్రమే చూడకండి. సాయంత్రం ఆకలి వేసే వేళ, మరేదీ తినకముందు ఒక మంచి యాపిల్‌ను కోయకుండా కొరికి తినండి. స్వీటు తిన్న నోటికి ఏ పండూ తియ్యగా తెలియదు.

తొమ్మిదో పని: కాపు విరివిగా ఉన్నప్పుడు దాచుకోండి

కాలంలో పండ్లు ఎక్కువగా వస్తాయి, ఒక్కోసారి తినగలిగినదానికంటే ఎక్కువ. యాపిల్‌ను దాచడానికి ఎండబెట్టడం అన్నిటికంటే సులువు. అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, నిమ్మరసం నీళ్లలో ముంచి తీసి, ఓవెన్‌లోనో డీహైడ్రేటర్‌లోనో 57-60 డిగ్రీల దగ్గర తోలులా వంగేదాకా ఆరబెట్టండి. మందాన్ని బట్టి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పూర్తిగా చల్లారాకే సీసాలో వేయండి. వారం రోజులు సీసాను రోజూ కుదుపుతూ చూడండి. లోపల చెమ్మ కనిపిస్తే తీసి మళ్లీ ఆరబెట్టాలి.

మెత్తబడిన యాపిల్స్ ఉంటే గుజ్జు చేయండి. తొక్క, గింజల భాగం తీసి ముక్కలు కోసి, అడుగంటకుండా రెండు మూడు చెంచాల నీళ్లు చల్లి, మూతపెట్టి సన్నని సెగ మీద ఉడికించండి. చక్కెర ముందే వేయకండి, ఉడికాక రుచి చూసి అవసరమైతేనే కలపండి. తియ్యటి రకం ఒకటి, పుల్లటి రకం ఒకటి కలిపి ఉడికిస్తే చక్కెర అవసరం సాధారణంగా రాదు.

మామిడి, బెర్రీల వంటివి ఫ్రీజర్‌కు బాగా నప్పుతాయి. ముక్కలను పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించి, ఆ తర్వాత సంచిలోకి మార్చి గాలి వత్తేసి మూయండి. ముందే సంచిలో పోస్తే అంతా ఒకే గడ్డవుతుంది, ఒక పిడికెడు కావాలన్నా మొత్తం కరిగించాల్సి వస్తుంది. సంచి మీద రకం పేరు, తేదీ రాయండి. గడ్డకట్టినప్పుడు కణాల గోడలు చిట్లుతాయి కాబట్టి కరిగాక ముక్క గట్టిగా ఉండదు. పూర్తిగా కరగనివ్వకుండా అలాగే మిక్సీలో వేసి తాగడానికో, ఉడికించి గుజ్జు చేయడానికో వాడుకోండి.